నెర్రెలు బారిన నాలుక

నా పేరు సుంకులమ్మ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో తెలియదు. నంద్యాలలో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటాను. నాకు రాత రాదు. నేను చెబుతుంటే మనవరాలు మౌనిక ఫోనులో ఎక్కిస్తోంది. ఇది నా ఫిర్యాదు. చదివినవాళ్లు న్యాయం చెప్పండి.

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డలో మా వసారాలో రోలు చుట్టూ ఆడవాళ్లంతా చేరేవాళ్లు. పచ్చి చింతకాయలు, ఉప్పు, పసుపు వేసి తొక్కు దంచేవాళ్లు. ఏడాదంతా సంగటిలోకి ఆ తొక్కే. ఉప్పు తక్కువైతే బూజు పడుతుంది, ఎక్కువైతే నోట పెట్టలేం. అందుకని జాడీకి ఎత్తే ముందు ఉప్పు చూడడానికి ఒక నాలుకను ఎంచేది మా జేజి... మా నాయన తల్లి.

పిల్లలం పరగడుపున నోరు పుక్కిలించి వరసగా నిలబడి నాలుకలు చాపాలి. జేజి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, ఎనుమును కొనేటప్పుడు పళ్లు చూసినట్టు చూసేది.

నా చెల్లెలు ఓబులమ్మ నాలుక నున్నగా, ఎర్రగా ఉండేది. నాది మాత్రం... నడుమ ఒక గాడి, దానికి అటూ ఇటూ గీతలు. ఎండాకాలం రేగడి చేను చూడండి, అట్లా.

"దీని నాలుక నెర్రెలు బారింది. ఉప్పంతా సందుల్లో దిగిపోతాది, దీనికేం తెలుస్తాది? జరుగు పక్కకి" అనేది జేజి.

అంతే. ఓబులమ్మ కళ్లు మూసుకుని చప్పరిస్తుంటే రోకలి చప్పుడు కూడా ఆగేది. అది ఇంకో పిడికెడు అంటే పిడికెడు పడేది. నన్ను గింజలు ఏరమనేవాళ్లు. వేపపుల్ల చీల్చి నెత్తురు వచ్చేదాకా నాలుక గీక్కున్నాను... గీతలు పోలేదు.

పైగా దాన్ని బడికి పంపారు, నన్ను మేకల వెంట పంపారు. నాలుక కొనకు తీపి, పక్కలకు పులుపు, వెనక చేదు తెలుస్తాయని బడిలో ఏదో బొమ్మ చూసి వచ్చింది. అప్పటి నుంచి తొక్కును కొనకోసారి, పక్కకోసారి ఆనించి చూసేది. ఇంటిల్లిపాదీ దాని నోరే చూసేవాళ్లు... నాకు కడుపు మండిపోయేది.

నేను నంద్యాలకు కాపురానికి వచ్చినా ఆ పెత్తనం తప్పలేదు. నా ఇంట్లో, నా రోట్లో దంచిన తొక్కుకు ఉప్పు చూడడానికి ఏటా ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి అదే వస్తుంది. నేను వేలు పెట్టబోతే, చిన్నత్త రానీలే అని మా కోడలు సుజాత మూత పెట్టేస్తుంది.

ఈ మధ్య పంటి నొప్పికి డాక్టరమ్మ దగ్గరికి పోయి, పనిలో పనిగా ఈ నెర్రెల సంగతి అడిగాను. కొందరికి ఇట్లాగే ఉంటాయట, జబ్బు కాదట, రుచికి అడ్డం రావట. అన్నిటికన్నా పెద్ద మాట... రుచి తెలిపే మొగ్గలు నాలుక కొనలోనూ పక్కల్లోనూ వెనకా ఉన్నాయట, ఏ వైపు ఆనించినా అన్ని రుచులూ తెలుస్తాయట. మందు చీటీ కూడా తీసుకోకుండా ఇంటికొచ్చాను.

మొన్న తొక్కు దంచాం. ఓబులమ్మ వచ్చి కూర్చోగానే అందరి ముందూ అనేశాను.

"నీ బడి బొమ్మ తప్పంట. నా నాలుక మంచిదంట. ఈసారి ఉప్పు నేను చూస్తా."

గొడవ పడుతుందనుకున్నాను. జాడీ నా వైపు జరిపింది.

"చూడక్కా. పోయినేడు జరమొచ్చినప్పట్నుంచి నాకు ఉప్పూ తెలీడంల్యా, పులుపూ తెలీడంల్యా. మీరు అడుగుతాండారని ఏందో ఒకటి చెప్తాండా."

పోయినేడు మా తొక్కు బూజు ఎందుకు పట్టిందో అప్పుడు అర్థమైంది.

నేను చప్పరించి, ఇంకో పిడికెడు పడాలి అన్నాను. విన్నవాళ్లు లేరు. సుజాత దాని గడ్డం పట్టుకుని నాలుక చాపమంటోంది. పక్కింటి మేరమ్మ ఫోను లైటు వేసి చూస్తోంది. మౌనిక నిమ్మకాయ కోసి తెచ్చింది, ఇదైనా తెలుస్తుందేమో చూడు చిన్నజేజీ అంటూ. రుచి పోయిన నాలుక చుట్టూ ఇల్లంతా... రుచి ఉన్నదాన్ని జాడీ పట్టుకుని ఒక్కదాన్నే. ఉప్పు నేనే పోసి, నేనే కలిపాను.

ఇప్పుడు అంగట్లో సీసా తొక్కు దొరుకుతుంది, ఎవరి నాలుకతోనూ పని లేదు... వరసగా నిలబడే పిల్లలూ లేరు. మీ ఇళ్లల్లో ఉప్పు చూసింది ఎవరు? పక్కకు జరగమన్నది ఎవరిని? ఆ జరిగినవాళ్లే చెప్పండి... ఉప్పు చూసినవాళ్ల గొప్పలు నాకొద్దు.

సుంకులమ్మ వేలిముద్ర. మౌనిక ఫొటో తీసి కింద పెట్టింది.
సాక్షులు: కోడలు సుజాత, పక్కింటి మేరమ్మ.
ఓబులమ్మ తానూ సంతకం చేస్తానంది. దానికి సంతకం వచ్చు. వద్దన్నాను.