నోటికాడ కుంకుమ

పాత కంప్యూటర్లంటే పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు చేరి, ఏ మిషన్‌లో ఏ భాగం ఎందుకు చెడుతుంది, ఎలా బాగుచేయాలి అని ఇంటర్నెట్‌లో ఒక గైడు తయారు చేస్తున్నారు. అందులో ఆదోనిలోని ఒక పత్తి ఫ్యాక్టరీ మిషన్ కూడా ఉందని మా అమ్మాయి మొన్న ఫోన్లో చూపించింది. ఆ ఫ్యాక్టరీ ఓనరు మనవడు మిషన్‌నే వాళ్ళకు పంపాడట. ఫ్లాపీ పెట్టే సందులో ఎర్రటి పొడి కనబడుతున్న ఫోటో, దాని కింద రెండు ముక్కలు: తుప్పు, ఆపరేటర్ నిర్లక్ష్యం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఆపరేటర్ మా అక్క. అది తుప్పు కాదు, కుంకుమ.

ఎనభైల చివర్లో అక్క రోజూ ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోనికి పోయి, పత్తి నుంచి గింజలు తీసే ఆ జిన్నింగ్ ఫ్యాక్టరీలో లెక్కలు ఆ మిషన్‌లోకి ఎక్కించేది. మగ్గం మీద బతికే మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషి తనే. ఓనరు ఆ కంప్యూటర్‌ను బెంగుళూరు నుంచి తెప్పించి, మఖమల్ గుడ్డ కప్పి, దానికి చల్లగా ఉండాలని ఏసీ పెట్టించి, భోజనం కాగానే ఆ గదిలో తానే గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ఆ గురక పక్కనే అక్క టైపు కొట్టుకునేది.

ఆ ఏడు ఆయుధపూజకు నేనూ వెంట పోయాను, బొరుగులూ బెల్లమూ పెడతారని. జిన్నింగ్ మిషన్లకు పత్తి మింగే నోటి దగ్గర కుంకుమ పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. వరసగా పెట్టుకుంటూ వచ్చిన ఓనరు కంప్యూటర్ ముందు ఆగి, దీనికి నోరెక్కడా అని వెతికాడు. ఫ్లాపీ సందు కనబడింది.

"ఆడ వద్దప్పా, పొడి లోపలికి పోతాది," అంది అక్క.

"మా తాత కాలం నుంచి నోటికాడే పెడతాండాం. నువ్వు సెప్పొచ్చినావా?" అంటూ చిటికెడు చాలనట్టు గుప్పెడు మెత్తాడు.

మర్నాడు పెట్టిన, లెక్కలు దాచిన ఫ్లాపీ గరగరమని గీసుకుపోయింది. ఇంకోటి పెట్టు, ఇంకోటి పెట్టు అని తొందరపెట్టిందీ ఆయనే. అన్నీ పోయాయి, సీజను లెక్కలతో సహా. కుంకుమ మాట ఎవరూ ఎత్తలేదు. "ముట్టుగా ఉండి మిషన్‌ను తాకింటాది ఈ పిల్ల, అందుకే సెడిపోయింది," అన్నాడు అందరి ముందూ. గుమాస్తాలంతా తలలూపారు. ఎంత సిగ్గులేని జన్మలు! అక్క పని పోయింది. ఇంకో ఫ్యాక్టరీలో అడగబోతే ఆ మాట అక్కడికి ముందే చేరి ఉంది. తిరిగి తిరిగి, చివరికి ఇంట్లో మగ్గం ముందే కూర్చుంది. తలచుకుంటే ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి.

గైడు వాళ్ళకు ఉన్నదున్నట్టు రాశాను. ఆ పని చూసే కుర్రాడు పొడి గీకి చూసి, క్షమించమని అడిగి, పాత మాటలు తీసేసి 'కుంకుమ, ఓనరు పెట్టింది' అని మార్చాడు. అక్కకు ఫోన్ చేసి చదివి వినిపించాను.

"ఆయప్ప ఉన్నాడా?" అంది.

"పోయినాడక్కా."

"ఆ పొద్దు తలకాయలూపినోళ్ళు?"

"వాళ్ళూ పోయినారు."

"మరి నాకెందుకు సదువుతాండావు? నాకు ఆ పొద్దే తెలుసు కదా," అని ఫోన్ పెట్టేసింది.

కాలం నిజాన్ని బయటపెట్టిందని దానికి దండం పెట్టబుద్ధి కావడం లేదు నాకు. వినవలసిన వాళ్ళంతా పోయేదాకా ఆగింది.