తొవ్వ తప్పిన చాయ్ కబురు

ఎనభైల చివర్లో వరంగల్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని. ల్యాబ్‌లో మూడు యూనిక్స్ యంత్రాలు, పైన ప్రిన్సిపాల్ గదిలో ఇంకొకటి ఉండేవి. ల్యాబ్‌లోని నా యంత్రానికి రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకదాని కేబుల్ ల్యాబ్‌లోనే తిరిగేది, రెండోది పైకి పోయేది.

అప్పుడు మల్టీకాస్ట్ కొత్త. కబురు ఒక్కసారి పంపితే చాలు, గుంపులో చేరిన యంత్రాలన్నీ అందుకుంటాయి. కాశిబుగ్గ నుంచి సైకిల్ మీద వచ్చే తోటి లెక్చరర్ మిత్రుడికీ నాకూ దాని మీద ఆశ పుట్టింది. పొద్దున్నే నాలుగు యంత్రాలనూ గుంపులో చేర్చి కబురు పంపితే, ‘నెట్‌వర్క్ అందడం లేదు’ అంది నాది.

“గుంపు అడ్రసుకు తొవ్వ చెప్పలే గదన్నా. ఏ కార్డు నుంచి పోవాల్నో దానికేమెరుక?” అన్నాడు మిత్రుడు.

గుంపు కబుర్లకు తొవ్వ, అంటే దారి, చూపే రూట్ కమాండ్ కొట్టాను. ఈసారి యంత్రం కిమ్మనలేదు. ‘చాయ్ వచ్చింది. జల్ది రా’ అని పంపాను. అవతలి మూల తెర ముందున్న మిత్రుడు తల అడ్డంగా ఊపాడు. ‘వింటానవా లేదా?’ అని పంపాను. ఏమీ లేదు. ఉక్రోషం ఆగక, ‘చెవిటోడా, చాయ్ సల్లారుతాంది!’ అని కొట్టాను.

కాసేపటికి మెట్ల మీద బూట్ల చప్పుడు. ప్రిన్సిపాల్ గారు, వెనక తనిఖీకి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు.

“ఎవరయ్యా చెవిటోడు? నేనా?” అన్నారు ప్రిన్సిపాల్.

లేచి నిలబడ్డాను. “తొవ్వ తప్పింది సార్. ల్యాబ్ కార్డుకు బదులు పైకిపోయే కార్డు చెప్పిన.”

తనిఖీకి వచ్చినవారిలో పెద్దాయన నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. “అది సరేగానీ, చాయ్ నిజంగ ఉన్నదా?”

ఉన్న రెండు గ్లాసులూ అతిథులకే ఇచ్చాం. ప్రిన్సిపాల్ గారి చూపు తట్టుకోలేక కీబోర్డు వైపు తిరిగాను. పాత రూట్ తీసేసి, ల్యాబ్ కార్డు మీదికి కొత్తది వేసి, ‘నమస్కారం’ అని పంపాను. ల్యాబ్‌లోని మిగతా రెండు తెరల మీదా ఒకేసారి పడింది. మిత్రుడు కేక పెట్టాడు. పెద్దాయన గ్లాసు చేతిలో ఉన్న సంగతి మరిచి చప్పట్లు కొట్టబోయి చొక్కా తడుపుకున్నారు.

మర్నాడు కరెంటు పోయి వచ్చేసరికి యంత్రం ఆ తొవ్వను శుభ్రంగా మరిచిపోయింది. మొదలయ్యేటప్పుడు అది చదువుకునే ఫైల్లో రూట్ రాసిపెట్టాలని అప్పటికిగాని మాకు తట్టలేదు. రాసి, ఆపి, మళ్లీ ఆన్ చేశాం. ఈసారి రూట్ కమాండ్ కొట్టకుండానే ‘నమస్కారం’ రెండు తెరల మీదా పడింది.

“అన్నా, మతికొచ్చిందే దీనికి!” అన్నాడు మిత్రుడు, మూడుసార్లు తప్పి నాలుగోసారి పరీక్ష పాసైన తమ్ముణ్ని చూసినంత మురిపెంగా.