పెద్దాయన లేచేదాకా

స్నానాలగదిలో బల్బు మాడిపోయింది. మామయ్య ఈ లోకంలో చేసిన ఆఖరి మామూలు పని ఆ బల్బు గురించే. ఇంకో ఇంట్లో అయితే బల్బు మాడితే కొత్తది బిగిస్తారు. మామయ్య అలా తొందరపడే మనిషి కాదు.

"ఆగు. దీన్ని ఎప్పుడు పెట్టామో పెద్దాయన్ని అడిగి వస్తాను," అన్నాడు.

"పెట్టింది ఎప్పుడైతేనేమండీ, పోయింది ఇప్పుడే కదా!" అని చీకట్లో, సబ్బు నురగలో నిలబడి అత్తయ్య అరిచింది.

మామయ్య అడిగే వచ్చాడు. కొత్త బల్బు బిగించి, మాడిపోయినదాన్ని చెవి దగ్గర ఆడించి చూసి, "పాపం, చెప్పినదానికన్నా ఎక్కువే వెలిగింది," అని మెచ్చుకున్నాడు. భోంచేసి కాసేపు నడుం వాల్చాడు. రోజూ పెద్దాయన్ని లేపే మనిషి, ఆ కునుకులోంచి తాను మాత్రం లేవలేదు.

పెద్దాయన అంటే ముందుగదిలో బల్లమీదున్న కంప్యూటరు. అంత పాతది ఇంకెక్కడా ఉండదు, ఉన్నా పనిచెయ్యదు, పనిచేసినా దాన్ని వాడే మొనగాడు ఉండడు. మామయ్యకి మాత్రం అది లేకపోతే పొద్దు పొడిచేది కాదు. ఫోను నంబరు కావాలన్నా, ఏ చొక్కా ఇస్త్రీకి వెళ్ళిందో తెలియాలన్నా దాన్నే అడగాలి. ఎదురుగా గోడమీద క్యాలెండరు వేలాడుతుంటే, ఇవాళ ఏం వారమో తెలుసుకోవడానికి కంప్యూటరు వేసిన ఘనుడు ఆయన. అత్తయ్య సరుకుల చిట్టా చెబితే అందులో కొట్టి ప్రింటు తీసేవాడు. అంచులకి చిల్లులున్న ఆ పొడుగాటి కాగితం మీద ప్రింటరు కర్రుకర్రుమంటూ "ఉప్పు" అని అచ్చు వేస్తుంటే, ఈ ఇంట్లో ఉప్పు అయిపోయిందని వీధి చివరిదాకా తెలిసిపోయేది.

మామయ్య మరలూ మేకులూ తయారుచేసే ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరుగా ఉండేవాడు. ఫ్యాక్టరీకి కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు పాతవాటిని వెనక షెడ్డులో, తుప్పుపట్టిన రేకుల పక్కన పడేశారట. మామయ్య మేనేజరుగారి గదికి వెళ్ళి, తన బల్లమీద ఉండేదాన్ని తనకిచ్చెయ్యమన్నాడు. "ఎందుకయ్యా?" అని ఆయన అడిగితే, "ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం సార్, వానలో వదిలి వెళ్ళడం మర్యాదగా ఉండదు," అన్నాడట. తోపుడుబండి మీద దిండు వేసి, పైన దుప్పటి కప్పి, పక్కనే నడుచుకుంటూ ఇంటికి తెచ్చాడు.

"ఆసుపత్రి నుంచి బాలింతని తెచ్చినట్టు తెచ్చారు," అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "సవతిని తెచ్చినా చేతికింద సాయంగా ఉంటుందని సరిపెట్టుకుందును. ఇది రోజూ తన దుమ్మే నాచేత తుడిపించుకుంటోంది."

ఆ ఇంట్లో ఉండి చదువుకున్న మేనకోడలు ఒకతె ఉంది. చిన్నప్పట్నుంచీ అన్నం పళ్ళెం ముందు కూర్చునే చెప్పులు వేసుకునే రకం కాబట్టి మామయ్య ఆమెకి తొందరమ్మ అని పేరు పెట్టాడు. పెరిగి పెద్దదై కంప్యూటర్ల కంపెనీలో చేరింది. అక్కడ ఆమె పని, జనం తెరల ముందు ఎదురుచూసే సమయాన్ని వీలైనంత కత్తిరించడం. "ప్రపంచమంతా ఎదురుచూడకుండా చేస్తావు, నువ్వు మాత్రం మా ఇంటికి రావడానికి నన్ను ఎదురుచూసేలా చేస్తావు," అని మామయ్య దెప్పేవాడు.

ఆమెకి ఆ కంప్యూటరుని చూస్తే అరికాలి మంట నెత్తికెక్కేది. అది లేవడం ఒక తంతు. మొదట లోపల ఫ్యాను దగ్గేది. తర్వాత గొంతు సవరించుకున్నట్టు గురగుర. ఆ తర్వాత నల్లటి తెరమీద ఆకుపచ్చ అంకెలు, ముసలమ్మ మెట్లెక్కినట్టు, ఒక్కొక్కటే ఆయాసపడుతూ పైకి ఎక్కేవి.

"ఏం చేస్తోంది మామయ్యా ఇది?"

"తన జ్ఞాపకశక్తి ఎంతుందో లెక్కపెట్టుకుంటోందే. మంచి అలవాటు. పొద్దున్నే లేవగానే నేనూ అదే చేస్తాను. నా పేరేంటి, నా పెళ్ళామెవరు, నా కళ్ళజోడెక్కడ. మొదటి రెండూ గుర్తొస్తాయి."

వీధిలో వాళ్ళకి మాత్రం ఆ ముందుగది లేకపోతే తెల్లవారేది కాదు. ఎవరికి అర్జీ కావాలన్నా, గోడకి అంటించే బోర్డు కావాలన్నా మామయ్య దగ్గరికే వచ్చేవాళ్ళు. గుమ్మంలోంచే "పెద్దాయన లేచారా?" అని అడగడం వాళ్ళకి అలవాటైపోయింది. "లేస్తున్నారు, కూర్చోండి," అనేవాడు మామయ్య. కూర్చునేవాళ్ళు.

ఓ పొద్దున పక్కవీధి దర్జీ ఊగిపోతూ వచ్చాడు. వాడి కొట్టు మీది అంతస్తులో పాటల టీచరమ్మ కాపురం. పిల్లలకి పాఠాలు చెబుతుంది. "తెల్లారకుండా రాగాలు మొదలండీ. కత్తెర చేతిలో వణుకుతోంది. నిన్న ఓ పెద్దమనిషి ప్యాంటుకి ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి కుట్టాను. ఇంటి ఓనరుకి గట్టిగా ఒక కంప్లైంటు కొట్టండి," అన్నాడు.

"తప్పకుండా. పెద్దాయన లేవనీ," అన్నాడు మామయ్య.

అంకెలు సగం ఎక్కాయో లేదో, పాటల టీచరమ్మ కూడా ఊగిపోతూ వచ్చింది. ఆవిడకీ కంప్లైంటే కావాలి. "కింద ఆ మిషను టకటకలకి మా పిల్లలు తాళం తప్పుతున్నారండీ," అని మొదలుపెట్టి, మూల కుర్చీలో దర్జీని చూసి ఆగిపోయింది. గదిలో ఉన్నవి రెండే కుర్చీలు, అవీ ఎదురెదురుగా. మామయ్య తెరకేసి శ్రద్ధగా చూస్తున్నాడు. అత్తయ్య టీ తెచ్చింది.

కాసేపటికి దర్జీ, "మీ పిల్లల్లో ఒకమ్మాయి గొంతు మాత్రం బావుంటుందండీ," అన్నాడు.

"ఎవరు, సన్నగా పాడుతుందీ, ఆ అమ్మాయా?"

"ఆ అమ్మాయే. మా ఇంటిదానికి వినిపించాలని కిటికీ తీసి పెడతాను."

ఇంకాసేపటికి ఆవిడ, "మిషను కొంచెం ఒక లయలో తొక్కితే మాకేం ఇబ్బంది ఉండదండీ," అంది.

పెద్దాయన లేచాడు. "ఊఁ, చెప్పండి, ఏం కొట్టమంటారు?" అని మామయ్య వేళ్ళు విరుచుకున్నాడు. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"వచ్చినందుకు ఏదో ఒకటి... పోనీ మా కొట్టు వేళలు కొట్టండి," అన్నాడు దర్జీ.

"నాకూ మా క్లాసు వేళలే," అంది ఆవిడ.

ఇదంతా అత్తయ్య చెబితే తొందరమ్మ నవ్వింది కానీ, కంప్యూటరు మార్చాలన్న పట్టు వదల్లేదు. తనే ఓ కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి ఇచ్చింది. మామయ్య దానికి వంక పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని, తెరిచి, అడిగి, జవాబు చూసి, మూసేశాడు.

"ఎలా ఉంది మామయ్యా?"

"బావుందే. కానీ మర్యాద తెలీదు. ప్రశ్న పూర్తికాకుండానే జవాబు చెప్పేస్తోంది. నీలాగే."

ఆ తర్వాత అది ప్రింటరు కిందకి చేరింది. ఎత్తు సరిగ్గా సరిపోయిందట.

సెలవు రోజు వస్తే చాలు, మామయ్య ఫోను. "తొందరమ్మా, పెద్దాయనకి ఒంట్లో బాలేదే. ఒకసారి వచ్చి చూసిపో."

ఊరికి ఆ చివర్నుంచి రెండు బస్సులు మారి ఆమె వచ్చేది. వచ్చాక తెర ముందు మళ్ళీ అదే తంతు. దగ్గు, గురగుర, మెట్లెక్కే అంకెలు. అవి ఎక్కేలోగా మామయ్య కమలాపండు ఒలిచి, తొనల మీది నారలు తీసి, ఆమె చేతిలో పెట్టేవాడు. తిన్నావా, నిద్రపోతున్నావా, ఆఫీసులో ఎవరైనా సతాయిస్తున్నారా అని అడిగేవాడు. ఆమె ఫోను చూసుకుంటూ ఊఁ కొట్టేది. చివరికి పెద్దాయన నిక్షేపంలా లేచి కూర్చునేవాడు.

"దీనికేం రోగం మామయ్యా? బానే ఉందిగా!"

"నిన్ను చూశాక తేరుకున్నాడే."

ఒక్కసారి మాత్రం ఆమె ఫోను చూసుకోలేదు. పెళ్ళి చేసుకుందామనుకున్న అబ్బాయి మనసు మార్చుకున్నాడని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ అంకెల్ని చూస్తూ చూస్తూ, ఎలా మొదలైందో తెలీదు, అంతా మామయ్యకి చెప్పేసింది. మామయ్య సలహా ఏమీ ఇవ్వలేదు. ఇంకో పండు ఒలిచాడు. ఆమె కళ్ళు తుడుచుకునేసరికి తెర వెలిగింది. మామయ్య దానివైపు చూసి గొంతు తగ్గించి, "మొత్తం వినేశాడు. అయినా భయం లేదులే. ఫ్లాపీలో పెడితే తప్ప ఈయనకి ఏదీ గుర్తుండదు," అన్నాడు. ఏడుపు మధ్యలో ఆమెకి నవ్వొచ్చింది.

మామయ్య పోయాక ఫోన్లు ఆగిపోయాయి. సెలవు రోజులు ఒక్కసారిగా ఎంతో పొడుగైపోయాయి. ఆ పొడుగులో ఏం చెయ్యాలో తొందరమ్మకి తెలియలేదు. కమలాపళ్ళు కొని తెచ్చుకునేది. నారలు తియ్యకుండానే తినేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ దగ్గూ గురగురా విని, ఆ అంకెలు ఎక్కేదాకా ఆ గదిలో ఊరికే కూర్చోవాలనిపించేది. ఆ ఎదురుచూపు కోసం ఆమె ఎదురుచూసింది.

అంతలో అత్తయ్య నుంచి ఫోనొచ్చింది. ముందుగది దర్జీకి అద్దెకిస్తోందట. కొట్టు చాలడంలేదని వాడే అడిగాడట. "ఎల్లుండి మిషన్లు దింపుకుంటాడు. రేపు పాతసామాన్లవాడు వచ్చి ఆ పెట్టెని తీసుకుపోతాడు. ముందే చెబుతున్నా, మళ్ళీ నన్ననకు."

"నేనొచ్చేదాకా ఇవ్వకత్తయ్యా. ఒక్కసారి వేసి చూడాలి."

"ఇన్నాళ్ళూ దాన్ని అవతల పారెయ్యమన్నది నువ్వే కదే!"

"అన్నాను. ఇప్పుడు ఉంచమనీ నేనే అంటున్నా."

మర్నాడు ఆమె వెళ్ళేసరికి పాతసామాన్లవాడు బండి గేటు దగ్గర ఆపి, చెట్టుకింద బీడీ కాల్చుకుంటున్నాడు. తొందరమ్మ కుర్చీ లాక్కుని, దుప్పటి తీసి, స్విచ్చి వేసింది. ఒళ్ళో చేతులు పెట్టుకుని సర్దుకుని కూర్చుంది. ఆ కాసేపట్లో తలుచుకోవాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి.

ఫ్యాను దగ్గింది. అంకెలు జారుడుబల్ల మీద పిల్లల్లా జర్రున పరుగెత్తాయి. తెర వెలిగింది. అయిపోయింది.

ఆమె నోరు తెరిచి చూసింది. "అత్తయ్యా! ఇదేంటి, అప్పుడే లేచింది?"

అత్తయ్య వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఎప్పుడూ అంతేగా. గ్యాసువాడి నంబరు అడిగితే ఇలా చూసి అలా చెప్పేసేవారు."

"నాకెప్పుడూ ఇలా లేవలేదు!"

"నీకెందుకు లేస్తుంది? ఎవరైనా మెట్లెక్కుతున్న చప్పుడైతే దాని బొజ్జమీద ఏదో నొక్కేవారు. చుట్టాలొస్తున్నారని దానికి చెబుతున్నారేమో అనుకునేదాన్ని. మీ మామయ్య చెప్పినా చెప్పగలరు."

తొందరమ్మ వంగి చూసింది. పెట్టె ముందు భాగంలో చిన్న మీట ఉంది. మీద అక్షరాలు వేలి రాపిడికి పూర్తిగా అరిగిపోయాయి. ఆ కాలం యంత్రాలకి వేగం తగ్గించే మీట ఒకటుండేదని ఆమె ఎప్పుడో చదివింది. కొత్త యంత్రాలు మరీ జోరుగా పరిగెడితే పాత ప్రోగ్రాములు వాటితో సమానంగా నడవలేకపోయేవట. అందుకని పెట్టారు. అందుకోసం దాన్ని నొక్కినవాళ్ళు ఈ వీధిలో మాత్రం ఎవరూ లేరు.

దర్జీకీ పాటల టీచరమ్మకీ ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసి, ఎవరికీ తెలియకుండా ఒక వేలితో ఆయన ఎంత సమయం పోశాడో!

ఆమె యంత్రం ఆపింది. మీట నొక్కింది. అది టక్కుమని బయటికొచ్చింది. మళ్ళీ స్విచ్చి వేసింది. దగ్గు. గురగుర. ఆకుపచ్చ అంకె ఒకటి, మోకాళ్ళ నొప్పులతో, మొదటి మెట్టెక్కింది.

"అమ్మా! ఎత్తమంటారా?" అని గేటు దగ్గర్నుంచి పాతసామాన్లవాడి కేక.

"ఆగు నాయనా, లేస్తోంది!" అని అత్తయ్య అంతకన్నా గట్టిగా కేకేసింది.

ఇద్దరూ తెరకేసి చూస్తూ కూర్చున్నారు. వాడు ఇంకోసారి పిలిచి, బీడీ ఆర్పి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. దర్జీకి ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు. ఒక మూల ఎంత చోటు కావాలి కనక దీనికి?

"అందర్నీ ఇలాగే కూర్చోబెట్టేవాడన్నమాట," అంది తొందరమ్మ.

"అందరికీ ఆ మీటతోనే సరి. నువ్వొస్తుంటే మాత్రం అది కూడా చాలేది కాదు ఆయనకి." అత్తయ్య పవిట చెంగుతో తెరమీద దుమ్ము తుడిచింది. "పొద్దుట్నుంచీ లేచే ఉండేదది. గేటు దగ్గర నీ గొంతు వినపడగానే గబగబా ఆర్పేసేవారు. నువ్వొచ్చాక మళ్ళీ మొదట్నుంచి లేవాలని."

తొందరమ్మ అరిగిపోయిన ఆ మీటని వేలితో నిమిరింది.

"ఉన్నట్టుండి అలా ఆర్పేస్తే పాడైపోదా అండీ, అని ఓసారి అడిగాను కూడా."

"ఏమన్నాడు?"

"'పాడైతే మరీ మంచిది, బాగుచెయ్యడానికి మళ్ళీ మన తొందరమ్మే వస్తుంది' అన్నారు."