తలుపు చాటు సూది

మా మేనత్త ఇన్సులిన్ సూది ఎప్పుడూ తలుపు గడియ పెట్టుకునే వేసుకునేది. షుగరుందని నలుగురికీ తెలిస్తే పరువు పోతుందట! ఆ రోజు నాతో ఊరికి బయల్దేరుతూ సూది ఇంట్లోనే కానిచ్చి, బస్సెక్కాక తినాల్సిన ఇడ్లీ డబ్బాను సంచితోపాటు డిక్కీలో వేయించింది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చేరేసరికి ట్రాఫిక్‌లో గంట పట్టింది. ఆమెకు ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. ఎవరినైనా చాక్లెట్ అడుగుతానంటే, "వద్దే, ఏమనుకుంటరు?" అని నా చెయ్యి పట్టుకుంది. నాకు ఒళ్లు మండింది.

"మా అత్తకు షుగర్ డౌనైంది, జర తీపి ఏమన్న ఉంటే ఇయ్యుండ్రి!" అని బస్సంతా వినేలా అరిచాను.

వెనక సీటు పెద్దాయన గ్లూకోజు పొట్లం అందించాడు. "నాకు సుత గదే బీమారి చెల్లె, నోట్లె ఏస్కో."

అత్త వేసుకుంది, తేరుకుంది, ఆయన వైపు తిరిగింది.

"నాకు షుగర్ లేదన్నా. పొద్దున తినలే, గంతే."