మనవాళ్ళకు కలిసే లైను

నిన్న పొద్దున మనవరాలికి ఫోను చేస్తే, "ప్రస్తుతం అందుబాటులో లేరు" అని ఒక తియ్యని గొంతు చెప్పింది. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంట వెనకే జబ్బార్ గారు గుర్తొస్తారు. డెబ్బైల్లో తిరువూరు కోర్టులో నేను జూనియరుగా చేరింది ఆయన దగ్గరే. ఆడపిల్ల నల్లకోటు వేసుకుంటే అందరూ వింతగా చూసే రోజులు. ఆయన మాత్రం తన పక్కనే కుర్చీ వేయించి, "కూర్చోమ్మా, ముందు వినడం నేర్చుకో" అన్నారు.

ఆ ఎండాకాలమే విస్సన్నపేట వైపు నుంచి సువార్తమ్మ వచ్చింది. మామిడితోట కౌలుకు తీసుకున్న మనిషి. బెజవాడ మార్కెట్టు ధర కనుక్కోవాలంటే తిరువూరులో ఒక వ్యాపారి కొట్లో ఉన్న పబ్లిక్ టెలిఫోనే ఆమెకు దిక్కు. ఆ వ్యాపారి మామిడికాయలు కూడా కొనేవాడు.

"కాయ ఆయనకే తోలతానంటే లైను కలుస్తుందంట, లేకపోతే కలవదంటండి. ఆయన చెప్పిందే ధర. ఈలోగా గాలొచ్చిందంటే తోటంతా నేలపాలు. నా పిల్లలేం తినాలి సార్?" అంది.

నాకు ముక్కు మీదే కోపం. "కొట్టుకెళ్ళి నాలుగు దులిపేసి వస్తాను" అని లేచాను. ఆయన నవ్వారు.

"దులిపితే దుమ్ము మన మీదే పడుతుందమ్మా. ఒకటి కావాలంటే ఇంకోటి ఇమ్మనే ఇలాంటి వ్యాపారం మీద ఢిల్లీలో పెద్ద చట్టమే వచ్చింది, విచారించడానికి కమిషనూ ఉంది. కానీ ఢిల్లీ తీర్పు దాకా కాయ చెట్టున ఆగదుగా. ఇక్కడే అడుగుదాం."

ఫోను తీసేయించమని కాదు, వచ్చినవాళ్ళందరికీ వరసలో ఇమ్మని దావా వేశాం.

బోనులో వ్యాపారి అమాయకంగా నిలబడ్డాడు. "ఎక్స్చేంజి వాళ్ళు లైను ఇవ్వకపోతే నేనేం చేస్తానండీ?" అన్నాడు. జడ్జిగారు తలూపారు. మా పని అయిపోయిందనుకున్నాను. జబ్బార్ గారు మెల్లగా లేచి, పెళ్ళివారిని పలకరించినట్టు అడిగారు.

"పాపం, ఎంత ఇబ్బందండీ మీకు! మనవాళ్ళు వచ్చినా ఇంతేనా?"

నలుగురిలో 'మనవాళ్ళకు' పనికిరానివాడినని ఒప్పుకునే పెద్దమనిషి మా వైపు పుట్టలేదు. వ్యాపారి ఛాతీ విరిచాడు.

"అబ్బే, మనవాళ్ళకైతే ఇట్టే కలిపిస్తానండీ!"

"మనవాళ్ళంటే ఎవరండీ?"

"మనకి కాయ తోలేవాళ్ళండీ" అనేసి నాలిక కరుచుకున్నాడు. కోర్టంతా గొల్లుమంది.

ఉత్తర్వు మాకు అనుకూలంగా వచ్చింది. కాయ ఇంకా చెట్టునే ఉంది. మర్నాడు జబ్బార్ గారితో కలిసి ఆ కొట్టుకు వెళ్ళాను. గుంటూరులో ఆయన కూతురికి పురిటినొప్పులని ఆ పొద్దునే కబురొచ్చింది, ఫోను చేసి కనుక్కోవాలి. ఆయన ప్రాణం అక్కడే కొట్టుకుంటోంది. వరసలో ఆఖరున సువార్తమ్మ ఉంది. మమ్మల్ని చూడగానే వ్యాపారి గబగబా ఎదురొచ్చాడు.

"రండి ప్లీడరు గారూ! మీరు మనవాళ్ళే కదా, ముందుకు రండి."

గెలిచామన్న ఊపులో నేను వెక్కిరించబోయాను. ఆయన నా చెయ్యి పట్టి ఆపారు.

"వరసలోనే ఉంటానండీ" అని సువార్తమ్మ వెనక నిలబడ్డారు. ఎంతసేపైనా ఆయన కళ్ళు ఫోను మీదే ఉన్నాయి గానీ, కాళ్ళు కదల్లేదు. సువార్తమ్మ వంతు వచ్చింది. బెజవాడ ధర విని ఆమె ఏడుస్తూనే అరిచింది. "లారీ ఎత్తిస్తన్నానయ్యా, కాయ దింపుకోండి!" ఆ తర్వాతే ఆయన ఫోను అందుకున్నారు, తాతయ్యారని తెలిసింది.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను తిన్న ప్రతి ముద్దలో ఆయన నేర్పిన విద్య ఉంది, ఆ రుణం తీరేది కాదు. ఇప్పుడు ఏ ఆఫీసుకెళ్ళినా ఎవరో ఒకరు గుర్తుపట్టి, "మేడమ్, మీరు మనవాళ్ళే, ముందుకు రండి" అంటారు. నడుం నొప్పి వెళ్ళమనే అంటుంది. నేను మాత్రం వరసలో ఆఖరున ఉన్నది ఎవరో చూసుకుని, వాళ్ళ వెనకే నిలబడతాను.