ముప్పావులో ఎన్ని అరలు?

సుమంగళది సరిహద్దు ఊరు నాగల్‌గిద్ద. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. చిన్నప్పుడు లెక్క తప్పితే సారు అడగకముందే చెయ్యి చాపేది. దెబ్బ పడితే గండం గడిచినట్టే, ఎందుకు తప్పిందో ఎవరికీ పట్టేది కాదు. ఆ పిల్లే పెద్దయి లెక్కల టీచరైంది. పన్నెండేళ్లు పాఠాలు చెప్పాక, ఈ వేసవిలో ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్కలు, సైన్సు చెప్పే టీచర్లకు శిక్షణ ఇమ్మన్నారు. నారాయణఖేడ్‌లో ఐదు రోజులు. వచ్చిన ముప్పై మందిలో సగం మంది ఆమె కన్నా పెద్దవాళ్లే.

మొదటి రోజు ఆమె అడిగింది: "భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని ఎందుకు తిప్పి రాస్తాం?"

కంగ్టి నుంచి వచ్చిన వీరప్ప సారు, వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి, తాపీగా అన్నాడు. "తిప్పి రాస్తే జవాబు వస్తది మేడం. గంతే."

అందరూ నవ్వారు. సుమంగళ కూడా నవ్వి, కాగితాన్ని రొట్టెలా గుండ్రంగా కత్తిరించి, పావు ముక్క తీసి పక్కన పెట్టింది. "ముప్పావు రొట్టె ఉంది. మనిషికి అర రొట్టె. ఎంతమందికి వస్తది?" బోర్డు మీద తిప్పి రాసి చేస్తే ఒకటిన్నర వచ్చింది.

వీరప్ప లేచి బల్ల దగ్గరికొచ్చాడు. "ఒక అర తీసిన. మిగిలింది పావు. బోర్డు మీదేమో ఒకటిన్నర. గీ పావు సగమెట్లయితది?"

సుమంగళ బోర్డు వంకా, మిగిలిన పావు ముక్క వంకా చూసింది. ఏదో ఒకటి చెప్పి దాటెయ్యొచ్చు. కానీ నోరు రాలేదు.

"తెల్వది సార్. నేనెన్నడూ గిట్ల ఆలోచించలే."

ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. కుర్చీలు ముందుకు జరిగాయి. బోర్డే తప్పంది సైన్సు చెప్పే సంధ్యారాణి. కాదన్నారు నలుగురు. వాదన ముదిరింది, చాయ్ చల్లారింది.

వంటచేసే కల్లమ్మ అన్నానికి పిలవడానికొచ్చి గుమ్మంలో ఆగింది. "ఏంది, అందరు ఇంత పరేషాన్ల ఉన్నరు?"

వీరప్ప సంగతి చెప్పాడు. కల్లమ్మ ముక్క వంక చూసింది.

"మనిషికి అర అన్నరు గదా? ఒకలకు నిండుగ దొరికింది. ఇంకొకలకు వాళ్ల వాటాల సగమే దొరికింది. రొట్టెల పావు, వాటాల సగం. ఏముంది అండ్ల? జల్దీ రాండ్రి, పప్పు చల్లారుతుంది."

వీరప్ప బల్ల మీద చరిచాడు. "దేంట్ల సగమో చూడాలె! ఇరవై ఎనిమిదేండ్ల సంది చెప్తున్న, ఒక్క పిల్లగాడన్న గీ మాట అడగలే!"

"అడగనిచ్చినమా సార్?" అంది సుమంగళ.

ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. కల్లమ్మకు చప్పట్లు కొడితే, సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అన్నాలయ్యాక సుమంగళ రాసుకొచ్చిన పాఠాలు సంచిలో పెట్టేసింది. ఇన్నేళ్లుగా చెబుతున్నా తమకే అర్థం కానిదొకటి రాయమని తలా ఒక చీటీ ఇచ్చింది. 'ఐసు నీళ్ల మీదెందుకు తేలుతది', 'మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకు'. తక్కిన నాలుగు రోజులూ వాటితోనే గడిచాయి. బస్సు టైమైనా ఎవరూ లేచేవాళ్లు కాదు.

బడులు తెరిచిన నెలకు వీరప్ప ఫోన్ చేశాడు. "మేడం, వచ్చే వేసవి శిక్షణల నా పేరు రాయి. నేర్చుకునెతందుకు గాదు, చెప్పెతందుకు."

"అప్పటికి రిటైరయితరు గద సార్?"

"అయితే ఏంది? రిటైరైనోన్ని బస్సెక్కనియ్యరా?"