ఖాదర్ సాబ్ పెట్టిన పెళ్లిచూపులు

మొన్న పెట్టెలోంచి పాత నోటుపుస్తకం తీసి తెరిస్తే ఎండిన వేపాకులు ఒళ్లో రాలాయి. అదే చేదు వాసన. పురుగు పట్టకుండా పుస్తకాల్లో వేపాకు పెట్టడం నాకు నేర్పింది ఖాదర్ సాబ్. ఆలేరు స్టేషను దగ్గర కిరాయి గదిలో నడిచే మా గ్రంథాలయాన్ని ఆయనే చూసుకునేవారు. పూర్వం సర్కారు కచేరీలో గుమాస్తాగా పనిచేసినందువల్ల ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు మూడూ వచ్చు. ఏడో తరగతితో బడి మానేసి మగ్గం గుంటలో కూర్చున్న నన్ను చదువరిని చేసింది ఆయనే.

అరవైల మొదట్లో మాట. నాకు ఇరవై రెండేళ్లు. నిఘంటువు పక్కన పెట్టుకుని, నాలుగు నెలలు కష్టపడి ఇంగ్లీషు హాస్యనాటకాల పుస్తకం ఒకటి పూర్తిచేశాను. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ దేశాన్ని ఒక రాణి ఏలిన కాలంలో రాసినవవి. తండ్రి తెచ్చిన సంబంధం వద్దని పిల్ల మగవేషం వేసుకుని ఇల్లు దాటుతుంది. ఆ వేషంలోనే తను మెచ్చినవాడి మనసు పరీక్షిస్తుంది. చివరికి ఒకే పందిట్లో రెండు మూడు జంటలకు పెళ్లిళ్లు. ఇదంతా ఎవరూ చెప్పకుండా చదువుకున్నానని నాకు మహా గర్వం. వచ్చే వారం తిరుమలగిరిలో నా పెళ్లిచూపులు. ఆ పిల్లకు చదువు మీద ఆసక్తి ఉందో లేదో నాలుగు ప్రశ్నలు వేసి తేలుస్తానని సాబ్‌తో అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ నాటకాలల్ల ఇంతెహాన్, అదే పరీక్ష, ఎవరికి బేటా?"

"మొగోనికి."

"మరి నువ్వు ఉల్టా జదివినవ్ గదా."

ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్లను రంగం ఎక్కనిచ్చేవారు కాదనీ, ఆ ఆడపిల్లల వేషాలు మగపిల్లలే కట్టేవారనీ చెప్పారు. మన భాగోతంలో మగవాళ్లు చీర కట్టినట్టే అనుకున్నాను. "అయితే ఇయ్యాల ఆడవేషం నీదే," అని నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. పేపరు చదువుతున్న ఇద్దరు పెద్దమనుషులను పిలిచి మగపెళ్లివారిని చేశారు.

"ఏదీ, జర నడిచి చూపియ్యి."

"దినానికి ఎన్ని నూలు కండెలు చుడుతవ్ పిల్లా?"

"తలకాయ వంచు. గట్ల గుడ్లెల్లబెట్టి చూస్తవేంది?"

మొదట నేనూ నవ్వాను. రెండోసారి నడవమన్నప్పుడు నవ్వు రాలేదు. నేనేం తెలుసుకోవాలనుకుంటున్నానో ఒక్కరూ అడగలేదు. లేవబోతే సాబ్ భుజం మీద చెయ్యి వేశారు. "కూసో. ఆ పిల్ల లేస్తదా?"

తిరుమలగిరిలో మా మేనత్త అచ్చం అవే ప్రశ్నలు మొదలుపెట్టింది. తల వంచుకుని కూర్చున్న ఆ పిల్ల, యాదమ్మను చూస్తే గ్రంథాలయంలో స్టూలు మీద నేను కూర్చున్న తీరే గుర్తొచ్చింది. ఆమె నాకు నచ్చింది. నచ్చిందని తెలియగానే భయం కూడా వేసింది. "ఆమెను గూడ నన్నేమన్న అడగనియ్యిండ్రి," అన్నాను. మా బాపు నా తొడ గిల్లాడు. "గిదేం రివాజు?" అని నవ్వాడు పిల్ల తండ్రి. నేను యాదమ్మ వైపే తిరిగి కూర్చున్నాను.

యాదమ్మ తల ఎత్తలేదు గాని గొంతు వణకలేదు. "మగ్గం మీద పోగు తెగితే ఎవ్వల మీద కోపం జేస్తవ్?"

నేను కట్టుకొచ్చిన మాటలేవీ దీనికి పనికిరావు. మంచివాడిలా ఏదైనా చెప్పొచ్చు. కాని నిజం వేరు. "కండె చుట్టిన అమ్మ మీద," అన్నాను.

"తెగేది నీ చేతుల గదా."

కబురు చేస్తామని మమ్మల్ని పంపేశారు. "చదువు చదువని మంచి సంబంధం చెడగొట్టినవ్ గదరా," అని బాపు దారంతా తిట్టాడు. ఎనిమిది రోజులు నాకు నేత సాగలేదు. తొమ్మిదో రోజు ఆమె మేనమామ వచ్చాడు. "పిల్ల ఒప్పుకున్నది. పిలగాడు తనకు మంచిగ కనవడాలని అబద్ధం ఆడలేదట."

పరుగున వెళ్లి సాబ్‌కు చెప్పాను. ఆయన పొంగిపోలేదు. "నాటకం పెండ్లితోని అయిపోతది బేటా. నీకు పెండ్లి సంది మొదలైతది," అన్నారు.

సాబ్ పోయి చాలా ఏళ్లయింది. నేను ఇంకా నేస్తూనే ఉన్నాను, చదువుతూనే ఉన్నాను. మగ్గం చప్పుడు ఆగితే చాలు, గోడ పక్కన యాదమ్మ రాట్నం కూడా ఆగుతుంది. నేను ముందు నా చేతులు చూసుకుని, తెగిన పోగు ముడివేస్తాను. అప్పుడు రాట్నం మళ్లీ తిరుగుతుంది.